ఉగ్గాని అంగడికి సర్కారు బోణీ

పిల్లలూ, మొన్న ఫోనులో మీరు "అవ్వా, నువ్వు ఉద్యోగంలో చేసిన అన్నిటికంటే పెద్ద పని ఏంటి?" అని అడిగారు. అప్పటికప్పుడు ఏమీ తోచక, "ఏముంది నాయనా, చేరాను, చేశాను, రిటైరయ్యాను" అనేశాను. ఫోను పెట్టేశాక ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. నేను చేసిన అన్నిటికంటే పెద్ద పని పొద్దున్నే ఉగ్గాని తినడం. ఎగతాళి కాదు. ఒక కరువు కాలంలో ప్రభుత్వం నాకు జీతమిచ్చి మరీ తినిపించింది. ఆ సంగతి తీరిగ్గా రాస్తున్నాను. నవ్వితే నవ్వండి గానీ, చివరిదాకా చదవండి.

అరవైల మొదట్లో మాట ఇది. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. కల్యాణదుర్గం దాటి కంబదూరు వైపు పోతే పొలంలో మట్టి కంటే రాళ్ళే ఎక్కువ కనిపించే ఊళ్ళున్నాయి. అందులో ఒక ఊళ్ళో నన్ను గ్రామసేవికగా వేశారు. బాలింతలకు పాలపొడి పంచడం, పొగరాని పొయ్యిలు కట్టించడం, మహిళా మండలిలో పాటలు పాడించడం నా పని. జనం నన్ను పేరుతో పిలిచేవాళ్ళు కాదు. సర్కారమ్మ అనేవాళ్ళు. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. మా నాయన చర్చి బళ్ళో అయ్యవారు కాబట్టి ఆడపిల్ల ఉద్యోగం చేయడం మా ఇంట్లో తప్పు కాలేదు.

ఆ సారి వాన ముఖం చాటేసింది. వేరుశెనగ మొలకలోనే మాడిపోయింది. ప్రభుత్వం కరువు పనులు మొదలుపెట్టి, రోడ్డు కోసం రాళ్ళు కొట్టించసాగింది. చుట్టుపక్కల జనమంతా అక్కడికే కూలికి వచ్చేవాళ్ళు. ఇంకో పక్క, ఊళ్ళో చిన్న చిన్న అంగళ్ళూ చేతిపనులూ మూతపడకుండా నిలబెట్టమని సమితికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని చూడడానికి ఒక పరిశ్రమల ఆఫీసరును పంపించారు. కోస్తా నుంచి వచ్చిన కుర్రాయన, చాలా మంచివాడు. ఏ మాటకైనా డిమాండు, సప్లై అనేవాడు. సమితికి పెద్ద బ్లాకు ఆఫీసరు. ఈయన రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, ఎవరినీ నొప్పించేవాడు కాదు. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళదే న్యాయమని ఒప్పుకునేవాడు.

మా పరిశ్రమల ఆఫీసరు ఊళ్ళో చెట్టు కింద మీటింగు పెట్టి, "సాయం కావలసినవాళ్ళు చెప్పండి" అన్నాడు. ఒక ఆడమనిషి లేచింది. ముప్పై దాటి ఉంటుంది. మొగుడు జ్వరంతో పోయి ఏడాది తిరగలేదు. ఇద్దరు ఆడపిల్లలు. బళ్ళారిలో ఉండే ఆమె అన్న, పెద్దపిల్లను అక్కడ ఎవరింట్లోనో పనికి కుదురుస్తానని అప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు. పిల్ల బడికి పోతూ ఉంది. తల్లికి పంపడం ఇష్టం లేదు.

"కుట్టు మిషను ఇప్పిస్తామమ్మా" అన్నాడు ఆఫీసరు.

"మిషనొద్దు సామీ. ఈ ఊళ్ళో ఎవురు గుడ్డలు కుట్టిచ్చుకుంటాండారు? నాకొక బాణలి, ఒక పొయ్యి, ఆ రోడ్డు పని కాడ నాలుగు మూరల తావు ఇప్పీండి. ఆ రాళ్ళు కొట్టేవాళ్ళు వట్టి కడుపుతో వస్తాండారు. ఉగ్గాని చేసి అమ్ముకుంటా. నాకు చేతనైంది అదొక్కటే."

ఉగ్గాని మీరు తిన్నదే. బొరుగులు, అదే మరమరాలు, తడిపి, నీళ్ళు పిండేసి, తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ఆకు దొప్పలో పెట్టి ఇస్తారు, ఒక్కో దొప్పను ఒక ఆకు అంటారు. మా ఆఫీసరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "డిమాండు ఉందండీ, సప్లై లేదు! ఇది నడిచి తీరుతుంది" అన్నాడు. సమితి బాణలి ఇచ్చింది, తావు చూపించింది, పైన తడికల పందిరి వేయించింది.

అంగడి తెరిచిన పొద్దు ఆయనా నేనూ జీపులో పోయాము. ఆమె అప్పటికే తాలింపు పెట్టేసింది. ఆ వాసనకు మా జీపు డ్రైవరు ఇంజను ఆపడం కూడా మరిచిపోయాడు. రాళ్ళు కొట్టేవాళ్ళంతా అంగడి ముందర చేరారు. చేరి, నిలబడ్డారు. ఎవరూ కదలరు. కళ్ళన్నీ బాణలి మీదే ఉన్నాయి.

"ఏమప్పా, ఆకలి కాలేదా?" అన్నాను.

"అయితాండాదమ్మా."

"దుడ్లు లేవా?"

"ఉండాయి."

"మరి తినండి."

"తింటాము. మొదట ఎవురన్నా తిననీ."

వాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. తెల్లటి పెద్ద తలగుడ్డ. రాళ్ళు కొట్టడంలో వెనక, ధర్మం చెప్పడంలో ముందు. ఆయన ముందుకొచ్చి నాకు విడమరిచి చెప్పాడు. "చూడమ్మా, పొద్దున్నే మొగుడు లేని ఆడమనిషి చేతి మీద బోణీ చేసేది మంచిది గాదు. మొదటి ఆకు ఎవురు తీసుకుంటారో వాళ్ళ పొద్దంతా చెడుతాది. అయితే ఆ దోషం మొదటి ఆకుతోనే పోతాది. రెండో ఆకు నుంచి ఏమీ లేదు. రెండోది నాకియ్యమను, ఈడనే నిలబడి తింటా."

"నాకు మూడోది" అన్నాడు వెనకున్నవాడు.

"నాలుగోది నాది. ముందే చెప్తాండా" అన్నాడు ఇంకొకడు.

చూస్తుండగానే చక్కటి వరుస కట్టారు. అంత క్రమశిక్షణ నేను రేషను అంగడి ముందర కూడా చూడలేదు. వరుసలో మొదటి మనిషి మాత్రం లేడు. ఆ చోటు ఖాళీగా వదిలి, దాని వెనక పెద్దాయన నిలబడ్డాడు.

వాళ్ళకు ఆమె మీద కోపం ఏమీ లేదు. సగం మంది వదినా అనేవాళ్ళు, సగం మంది అక్కా అనేవాళ్ళు. "తప్పుగా అనుకోవద్దు వదినా. నీ మీద ఏం లేదు. శాస్త్రం" అన్నాడొకడు.

"శాస్త్రమే తిను. కడుపు నిండుతాది" అంది ఆమె, గరిటె తిప్పుతూనే.

మా పరిశ్రమల ఆఫీసరు ఒక రాయెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మూఢనమ్మకాలు దేశాన్ని ఎట్లా వెనక్కి లాగుతున్నాయో చెప్పాడు. రాకెట్లు, అణుశక్తి అన్నీ వచ్చాయి. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆయన దిగగానే పెద్దాయన దండం పెట్టి, "బాగా చెప్పినావు సారూ. అయితే నువ్వే కానీ" అన్నాడు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "నేను... ఇంటి దగ్గర టిఫిను చేసే వచ్చానండీ."

"యాడ చేసినారు సార్? ఆకలని దోవంతా అంటానే వస్తిరి గదా" అన్నాడు డ్రైవరు.

"అయితే నువ్వు తిను."

"నేను బండి తోలేవాణ్ణి సార్. నా పక్కన కూచునేది మీరే. నాకు తగిలితే మీకూ తగుల్తాది."

ఆఫీసరు మళ్ళీ గడియారం చూసుకుని, "ఎవరినీ బలవంతం చేయకూడదులెండి" అన్నాడు.

ఇక నేనే చేయి చాపాను. "అక్కా, నాకియ్యి." మోదుగాకు దొప్పలో ఆవిర్లు కక్కే ఉగ్గాని, పైన బజ్జీ పెట్టి ఇచ్చింది. మా ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకోవడం అలవాటు. మీకూ నేర్పించాను, మీరు మరిచిపోయారు. ఆ రోజూ అట్లాగే చేసి, తిన్నాను. కళ్ళు తెరిచేసరికి జనమంతా నన్నే చూస్తున్నారు.

"చూసినారా! కండ్లు మూసుకొని మంత్రం చదివింది. దోషాన్ని అట్లే మింగేసింది" అన్నాడు పెద్దాయన. "ఆయమ్మది వేరే దేవుడు గదా. మన దోషం ఆ దేవుని తావ చెల్లదు."

ఆ తీర్పుతో రెండో ఆకు, మూడో ఆకు, అన్నీ చకచకా లేచిపోయాయి. బాణలి అడుగు కనిపించింది.

అంతటితో అయిపోయి ఉంటే ఇది రాసేదాన్నే కాదు. ఆ మధ్యాహ్నం చినుకులు పడ్డాయి. వాన అనడానికి లేదు, దుమ్ము మీద ఎవరో చెంబుడు నీళ్ళు చిలకరించినట్టు పడి ఆగిపోయింది. కానీ నెలల తరబడి మబ్బు ముఖం చూడని ఊరది. సాయంత్రానికి నా హస్తవాసి గురించి పక్క ఊళ్ళకు కూడా తెలిసిపోయింది.

మర్నాటి నుంచి పొద్దున్నే నేను పోవడం, కళ్ళు మూసుకోవడం, మొదటి ఆకు తినడం. అంగడి నడవసాగింది. బళ్ళారి అన్న మళ్ళీ వచ్చి, ఉగ్గాని తిని, పిల్ల సంగతి ఎత్తకుండానే పోయాడు. అయితే ఊళ్ళో తక్కిన అంగళ్ళవాళ్ళు ఊరుకుంటారా? అందరికంటే ముందు నా గడప దగ్గరికి వచ్చింది ఎద్దుల గిట్టలకు ఇనుప లాడాలు కొట్టే సాయిబు తాత.

"ఏం బేటీ, మాది అంగడి కాదా? మేము చిన్నవాళ్ళం కాదా? ఆమెకు కండ్లు మూస్తాండావు, మాకు మూయవా?"

"నాకు ఎద్దు లేదు గదా తాతా. నేనేం బోణీ చేసేది?"

"అది నీ సర్కారు చూసుకోవల్ల."

సర్కారు చూసుకుంది. బ్లాకు ఆఫీసరు దగ్గరికి పోయి సాయిబు తాత ఏమి చెప్పాడో గానీ, ఆఖరున మాట్లాడింది ఆయనే. సమితి పశువైద్యశాలలో ఒక ఆంబోతు ఉండేది. అది కొట్టం దాటి ఎరుగదు. దానికి రోజుకొక లాడం కొట్టించమని నాకు ఉత్తర్వైంది. అన్ని గిట్టలకూ అయిపోయాక ఏం చేయాలని అడిగాను. పీకించి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. కొన్నాళ్ళకు ఆ ఆంబోతు నన్ను దూరం నుంచి చూస్తేనే కాలెత్తి పెట్టేది. నేను దాని ముందర కళ్ళు మూసుకునేదాన్ని. నాకు తెలిసి, గొడ్డు కాలి కోసం రోజూ ప్రార్థించిన ఉద్యోగి జిల్లాలో ఇంకొకరు లేరు.

ఆ తర్వాత కుమ్మరాయన వచ్చాడు, గాజులాయన వచ్చాడు, కంబళ్ళు నేసే ఆయన వచ్చాడు, చీపుర్లు కట్టే అవ్వ వచ్చింది. రోజూ కుండో తాడో చీపురో కొనుక్కొచ్చి గదిలో పెట్టేదాన్ని. నేను పడుకునే చోటు తగ్గుతూ వచ్చింది. మంగలాయన కూడా వచ్చి తన కష్టం చెప్పుకున్నాడు గానీ, నా జడ చూసి తనే ఆగిపోయాడు.

బ్లాకు ఆఫీసరు మురిసిపోయి ఈ పనికి ఒక పేరు పెట్టాడు. ప్రథమ క్రయ ప్రోత్సాహక కార్యక్రమం. పరిశ్రమల ఆఫీసరు ఇంకా ముందుకు పోయి, ఒక్క చేయి మీద ఇంత భారం మంచిది కాదని, మగ గ్రామసేవకుడొకరికి కూడా శిక్షణ ఇద్దామన్నాడు. ఆయనను కుమ్మరి దగ్గరికి పంపాము. పాపం, ఆ పొద్దు అటుగా పోతున్న గొర్రె ఒకటి కుండల వరుసలో దూరింది. దాంతో ఆయన చేయి మంచిది కాదని శిక్షణ ఆగిపోయింది.

ఇంతలో ఊళ్ళో హోటలాయన లేచాడు. హోటలంటే పెంకుల కొట్టం, రెండు బల్లలు. సమితి ప్రెసిడెంటుకు బామ్మర్ది. ఉగ్గాని అంగడి రాక ముందు రోడ్డు పనికి టిఫిను ఆయనే పంపేవాడు. ఎంత చెబితే అంత రేటు. "సర్కారు చేయి అందరి సొత్తు. మాది గూడా చిన్న వ్యాపారమే. ఊళ్ళో ముందు వచ్చేది మా హోటలు. బోణీ మాతోనే మొదలు కావల్ల" అన్నాడు. ఆ రోజు ఆఖరున మాట్లాడింది ఆయన. సరేనన్నారు.

అప్పటి నుంచి నా పొద్దు ఇట్లా ఉండేది. హోటల్లో ఇడ్లీ తిని, ఆంబోతుకు లాడం కొట్టించి, గాజులు తొడుక్కుని, కుండ ఇంట్లో పెట్టి, అప్పుడు ఊరి బయట రోడ్డు పని దగ్గరికి నడిచిపోవాలి. నేను చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చేది. అంతవరకు రాళ్ళు కొట్టేవాళ్ళు ఉగ్గాని బాణలి ముందర వరుసలో నిలబడే ఉండేవాళ్ళు. ఖాళీ జాగా ముందర, పెద్దాయన వెనక.

రోడ్డు పని ఓవర్సీయరు ఒకరోజు సమితి మీటింగుకే వచ్చేసి టోపీ తీసి బల్ల మీద కొట్టాడు.

"రాళ్ళు ఎందుకు పగల్లేదయ్యా అంటే ఉగ్గాని తినలేదంటారు. ఉగ్గాని ఎందుకు తినలేదంటే సర్కారమ్మ రాలేదంటారు. సర్కారమ్మ ఎందుకు రాలేదంటే ఆంబోతుకు లాడం కొట్టిస్తాండాదంటారు. నేను పై ఆఫీసుకు ఏమని చెప్పుకునేది సార్? గిట్టలు అరిగిపోయి రోడ్డు ఆగిందనా?"

హోటలాయన నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "దీనికేముంది సార్. ఆ తావు నాకిచ్చేయండి. నా మనిషిని ఆడ కూచోబెడతా. పెండ్లాం పిల్లలు ఉండే మనిషి. బోణీ గలాటానే ఉండదు."

ఆ మాటలో తప్పు పట్టుకోవడానికి మాకు చేతకాలేదు. నేను మాత్రం, "సార్, ఆమెకు అదే బతుకు. ఆ పిల్ల చదువు కూడా ఆ బాణలి మీదే ఉంది" అన్నాను. బ్లాకు ఆఫీసరు నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, మధ్యే మార్గం చెప్పాడు. అనంతపురం నుంచి పెద్ద ఆఫీసరు కరువు పనులు చూడడానికి వస్తున్నాడు. ఆయన వచ్చే వేళకు జనం పనిలో ఉంటే అంగడి ఆమెది. జనం అంగడి ముందర నిలబడి ఉంటే ఆ తావూ బాణలీ హోటలాయనవి.

నేను పోయి ఆమెకు ఆ మాట చెప్పాను. ఆమె పొయ్యి అలుకుతూ ఉంది. చేయి ఆపలేదు. "ఆ పొద్దు నువ్వు బిరీన వస్తావు గదమ్మా?" అని అడిగింది.

"అందరికంటే ముందు నీ దగ్గరికే వస్తానక్కా."

బిరీన అంటే తొందరగా అని. నేను మాట ఇచ్చాను. ఆ పొద్దు చీకటి విడవక ముందే గది తలుపు తీశాను. తీస్తే బయట హోటలాయన నిలబడి ఉన్నాడు, నవ్వుతూ.

"రామ్మా. పెద్ద ఆఫీసరు వచ్చే పొద్దు, మా బోణీ ఎగ్గొట్టేవేమో అని నేనే వస్తి. ఉత్తర్వు ఉత్తర్వే గదా. బ్లాకు ఆఫీసరు గారు గూడా హోటల్లోనే ఉండారు."

నిజంగానే ఉన్నాడు, ఇడ్లీల ముందర. "కానివ్వమ్మా, రెండు నిమిషాల పని" అన్నాడు. నేను కూర్చుని కళ్ళు మూసి తెరిచేలోపల హోటలాయన నాలుగు ఇడ్లీలు పెట్టేశాడు. తిన్నాను. లేవబోతే, "అతిథి వట్టి ఇడ్లీతో లేస్తే హోటలుకు మంచిది గాదు" అని దోసె వేశాడు. దోసె మీద దోసె. బోణీలో ఎంగిలి వదిలితే అరిష్టమంటాడు. మధ్యలో లేస్తే అరిష్టమంటాడు. పక్క నుంచి బ్లాకు ఆఫీసరు, "తినమ్మా, తిను. స్థానిక వ్యాపారం" అంటాడు. ఆయనకు కుట్ర ఏమీ తెలియదు, ఆకలి మాత్రమే తెలుసు. నాలుగో దోసె దగ్గర నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆకు ఖాళీ చేసి లేచి, చేయి కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. అంత తిని పరిగెత్తడం ఎట్లా ఉంటుందో మీకు రాయలేను.

ఊరి బయటికి వచ్చేసరికి, కల్యాణదుర్గం రోడ్డు మీద దూరంగా దుమ్ము లేస్తోంది. జీపులు. ఇటు చూస్తే అంగడి ముందర వరుస. అందరూ ఉన్నారు. ఓవర్సీయరు ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూ కేకలేస్తున్నాడు. "పనికి పోండ్రప్పా! ఆయన వస్తాండాడు! హాజరు కొట్టేస్తా!"

"వట్టి కడుపుతో సుత్తి లేవదు సారూ. ఆయమ్మ వస్తానే తిని పోతాము" అన్నాడు పెద్దాయన. నన్ను చూడగానే, "వచ్చె, వచ్చె!" అని వరుసంతా కదిలింది.

ఆమె దొప్ప సిద్ధంగా పట్టుకుని ఉంది. తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు నేను చేసిన ప్రార్థన భోజనానికి ముందు చేసేది కాదు. కళ్ళు తెరిచి ముద్ద ఎత్తాను. నోటి దాకా పోయింది. గొంతు దగ్గర నాలుగో దోసె అడ్డం నిలబడింది. మింగలేను. కక్కితే? సర్కారు చేయి మొదటి ఆకును జనం ముందర కక్కితే, ఆ అంగడి కాదు, ఆ రోడ్డు మీద ఇంక ఏ అంగడీ లేవదు. ముద్ద అట్లాగే పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

"ఏమైందమ్మా, తినవేం" అన్నాడు పెద్దాయన.

"తింటాను. ఒక నిమిషం."

"జీపు దిన్నె దాటింది!" ఎవరో అరిచారు.

ఆమె నా ముఖం చూసింది. నా కడుపు చూసింది. ఏం జరిగిందో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. నా చేతిలో దొప్ప తీసేసుకుంది. "కూచో తల్లీ. నీ రంగు బాగలేదు" అని నన్ను రాతి మీద కూర్చోబెట్టింది. తర్వాత బొడ్డు దగ్గర దోపుకున్న గుడ్డ విప్పి, ఒక బిళ్ళ తీసి, అందరికీ కనిపించేట్టు పైకెత్తి, తన చిల్లర డబ్బాలోనే టంగుమని వేసింది. నా ఎదురుగా ఇంకో రాతి మీద కూర్చుని తినసాగింది.

అప్పట్లో ఆడవాళ్ళు, అందులో మొగుడు లేనివాళ్ళు, రోడ్డు మీద నలుగురు మగవాళ్ళ ముందర కూర్చుని తినేవాళ్ళు కాదు. ఆమె బజ్జీ కొరికిన చప్పుడు కూడా వినిపించింది. ఓవర్సీయరు సైతం కేకలు ఆపేశాడు.

పెద్దాయన తేరుకున్నాడు. "ఏందమ్మీ ఇది? ఏం చేస్తాండావు?"

"బోణీ."

"నీ అంగడికి నువ్వే బోణీ చేస్తే ఎట్ల? బయటోళ్ళు చెయ్యల్ల గదా?"

"యా శాస్త్రంలో ఉండాది మామా? చెప్పు, వింటా."

పెద్దాయన తలగుడ్డ సర్దుకున్నాడు. అంత లోతుకు ఆయన ఎప్పుడూ పోలేదు. "అది కాదు. దుడ్లు చేతులు మారల్ల గదా."

"మారినాయి. ఈ చేత్తో ఇచ్చినా, ఈ చేత్తో తీసుకున్నా. నీ కండ్ల ముందరే గదా ఇచ్చింది."

వరుసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. గొంతు కాస్త తగ్గించి, "సరేలే. మరి దోషం?" అన్నాడు.

"మొదటి ఆకు దోషం ఎవురికి తగుల్తాదని చెప్పినావు మామా?"

"తిన్నోళ్ళకు."

"తిన్నింది ఎవురు?"

"నువ్వే."

ఆమె ఆకులో మిగిలింది వేలితో ఊడ్చి నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలి, మింగింది. "నాకింక తగిలేదానికి ఏం మిగిలిందప్పా? తగిలేదంతా పోయినేడే తగిలిపాయ. మీరు భయపడాకండి. ఇప్పుడు బాణలిలో ఉండేది రెండో ఆకు."

నేను తల వంచుకున్నాను. ఆమె లేచి, చేయి కడుక్కుని, గరిటె అందుకుంది.

పెద్దాయన ముందరున్న ఆ ఖాళీ జాగాలోకి ఒక అడుగు వేశాడు. ఆ జాగాలో మనిషి నిలబడడం నేను అదే మొదటిసారి చూడడం.

"అంతే గదా. లెక్క సరిగ్గానే ఉండాది. రెండో ఆకు నాది" అని చేయి చాపాడు.

ఇక చూడండి తొక్కిసలాట! ఓవర్సీయరు ఒకటే అరుపు, "చేతిలో పట్టుకొని పోండ్రప్పా, ఆడ తినండి!" జీపులు వచ్చి ఆగేసరికి జనమంతా దొప్పలు పట్టుకుని రాళ్ళ గుట్టల వైపు నడుస్తున్నారు. సుత్తి ఒక చేతిలో, ఉగ్గాని ఇంకో చేతిలో. మొదట దిగింది పెద్ద ఆఫీసరు. ఆ వెనకే ఊళ్ళో నుంచి వచ్చిన సమితి జీపులో నుంచి పరిశ్రమల ఆఫీసరు, బ్లాకు ఆఫీసరు, హోటలాయన దిగారు. హోటలాయన పందిరి కొలతలు చూడడానికి తాడు కూడా తెచ్చుకున్నాడు.

"ఏమిటిది?" అన్నాడు పెద్ద ఆఫీసరు, దొప్పలు చూసి.

"పనికి పోతూ పోతూ... అల్పాహార ఏర్పాటు సార్" అన్నాడు పరిశ్రమల ఆఫీసరు, తడబడుతూ.

"మంచి వాసన వస్తోందే. ఎవరు పెట్టించారు దీన్ని?"

అందరమూ బ్లాకు ఆఫీసరు వైపు చూశాము. ఆయన హోటలాయనను చూశాడు, జనాన్ని చూశాడు, పెద్ద ఆఫీసరును చూశాడు. ఆఖరున మాట్లాడింది పెద్ద ఆఫీసరే కాబట్టి, "మన సమితే సార్. కష్టపడి పెట్టించాము" అన్నాడు.

పెద్ద ఆఫీసరు అక్కడే నిలబడి ఒక ఆకు తిన్నాడు. అది ఎన్నోదో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. బజ్జీ కారానికి ముక్కు ఎగబీలుస్తూ ఇంకొకటి అడిగాడు. ఆయన తిన్న తర్వాత ఆ తావు మారుద్దామనే ధైర్యం సమితిలో ఎవరికీ లేకపోయింది. హోటలాయన తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. పెద్దపిల్ల బళ్ళారి పోలేదు. ఆ ఊరి బడి అయిపోయాక కల్యాణదుర్గం హైస్కూలుకు పోయింది.

మా కార్యక్రమం ఏమైందంటారా? పనంతా ఇంత సులువని తెలిశాక ఊళ్ళో అందరూ తమ అంగడికి తామే బోణీ చేసుకోసాగారు. కుమ్మరాయన పొద్దున్నే తన దగ్గరే ఒక పిడత కొనేవాడు. గాజులాయన ఎవరూ చూడకుండా ఒక గాజు తొడుక్కుని తీసేసేవాడు. సాయిబు తాతకు మాత్రం ఎద్దు కావాల్సి వచ్చి, ఆంబోతుతో ఇంకొన్నాళ్ళు నడిపాడు. సర్కారు చేయి అవసరం ఎవరికీ లేకపోయింది. పరిశ్రమల ఆఫీసరు కొంచెం దిగులుపడ్డాడు గానీ, నేను దిగులుపడలేదు.

మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ ఉగ్గాని అంగడికి పోయాను. దోసెల బరువు దిగి నిజంగా ఆకలి వేస్తోంది. నేరుగా ముందరికి పోయి చేయి చాపాను. ఆమె నోట్లో ఏదో నములుతూ ఉంది. మాట్లాడలేక, గరిటెతో వెనక వైపు చూపించింది.

"బోణీ అయిపాయనమ్మా" అన్నాడు పెద్దాయన, తన దొప్ప అందుకుంటూ. "వరసలో రా."

పోయి చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి బజ్జీలు అయిపోయాయి.